దేవుడి గూట్లో బియ్యం మూటలు

అది 2022, వానలు మొదలైన రోజులు. చోడవరంలో నేను పనిచేసే నర్సింగ్‌హోమ్‌కి ప్రతి గురువారం విశాఖ నుంచి ఒక ప్లాస్టిక్ సర్జన్ వచ్చి మధ్యాహ్నం దాకా ఓపీ చూసేవారు. ప్లాస్టిక్ సర్జరీ అనగానే జనానికి సినిమావాళ్ళ ముక్కులూ మూతులూ గుర్తొస్తాయి గానీ, మా బెంచీల మీద కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది ఒళ్ళు కాలినవాళ్ళే. బెల్లం పెనం దగ్గర ఒంటి మీద పాకం పడ్డవాళ్ళు, గ్యాస్ పొయ్యి దగ్గర చీరకొంగు అంటుకున్నవాళ్ళు. గాయం మానాక చర్మం ముడుచుకుపోయి చెయ్యి చాపలేరు, మెడ తిప్పలేరు. దాన్ని కాంట్రాక్చర్ అంటాం. ఆ ముడత విడదీసి, తొడ మీది చర్మం తీసి అతికించడం డాక్టరుగారి పని. కట్లు మార్చడం, ఏడ్చేవాళ్ళని ఓదార్చడం, ఓదార్పుకి లొంగనివాళ్ళని కసరడం నా పని.

విశాఖలో ప్లాస్టిక్ సర్జరీ వార్డులో చాలా ఏళ్ళు స్టాఫ్‌నర్స్‌గా చేసి సొంత ఊరికి వచ్చేసినదాన్ని కాబట్టి, ఆపరేషన్‌కి ముందు పేషెంట్లతో మాట్లాడే బాధ్యత కూడా డాక్టరుగారు నాకే అప్పజెప్పారు. దీన్ని కౌన్సెలింగ్ అంటారు. నాకు నోరు కాస్త ఎక్కువని పేరు. ఆ పేరు పనికొచ్చింది ఇక్కడే.

ఆ గురువారం ఒక అమ్మాయి తన వంతు వచ్చినప్పుడల్లా పక్కవాళ్ళని ముందు పంపేస్తూ, అందరూ వెళ్ళాక లోపలికి వచ్చింది. చున్నీకి రెండువైపులా పిన్నులు, చెప్పులకి ఎర్రమట్టి, భుజాన ఆఫీసు బ్యాగు. ఆమెని నీలవేణి అందాం, అసలు పేరు కాదు. ఇరవై నాలుగేళ్ళు. ఇల్లు రోలుగుంట వైపు పల్లెలో, చెరుకూ వరీ పండించే కుటుంబం. ఉద్యోగం కె.కోటపాడు మండలంలో గ్రామ సర్వేయరు. అన్నదమ్ములు గట్టు కోసం కొట్టుకుంటుంటే మధ్యలో నిలబడి, హద్దు ఇదీ అని చూపించే పని. అలాంటి పిల్ల నా ముందు కుర్చీలో కూర్చుని నోరు విప్పడానికి తంటాలు పడింది. చివరికి బ్రెస్ట్ ఆగ్మెంటేషన్ గురించి అడగడానికి వచ్చానని చెప్పింది. రొమ్ము వెనక సిలికాన్ జెల్ నింపిన ఇంప్లాంట్ అమర్చి పరిమాణం పెంచే ఆపరేషన్ అది.

విశాఖలో ఈ కేసులు చూశాను గానీ, చోడవరం ఓపీలో ఆ మాట వినడం అదే మొదటిసారి. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను. ఇంటర్ నుంచీ అందరూ అంటూనే ఉన్నారనీ, అది అలవాటైపోయిందనీ చెప్పింది. ప్యాడ్‌లున్న బ్రాలు వేసుకుంటుందట. ఎండలో పొలం గట్ల మీద తిరుగుతుంటే చెమటకి ప్యాడ్ జారుతుంది. పదిమంది రైతుల ముందు వంగి రాయి చూపించాలంటే, చూపు రాయి మీదా మనసు ప్యాడ్ మీదా.

“ఉన్నదాన్ని దాసుకోడం అందరూ సేస్తారు సిస్టర్. నేను లేనిదాన్ని దాస్తన్నాను,” అంది.

ఆమెని డాక్టరుగారి గదిలోకి తీసుకెళ్ళాను.

డాక్టరుగారిది ఒక పద్ధతి. ఇలాంటి కేసుల్లో ముందు చెడ్డ సంగతులే చెబుతారు. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు, కొన్నేళ్ళకి మళ్ళీ ఆపరేషన్ అవసరం కావచ్చు. దాని చుట్టూ శరీరం అల్లుకునే పొర ఒక్కొక్కరికి గట్టిపడి నొప్పి పెడుతుంది. చిరగవచ్చు. చనుమొన దగ్గర స్పర్శ తగ్గవచ్చు. పిల్లలకి పాలివ్వడం చాలామందికి కుదురుతుంది గానీ, నీకు కుదిరి తీరుతుందని రాసివ్వలేను. ఇవన్నీ ఆయన ఒకదాని తర్వాత ఒకటి చెబుతుంటే సగంమంది అక్కడే లేచి వెళ్ళిపోతారు. మిగిలిన సగంమంది అసలు వినరు, ఎప్పుడు చేస్తారని అడుగుతారు. నీలవేణి అంతా వింది. విని, నేను అంతవరకు ఏ పేషెంటు నోటా వినని ప్రశ్న వేసింది.

“నచ్చక తీయించేసుకుంటే, మళ్ళీ ఇప్పుడున్నట్టే ఉంటానా సార్?”

“ఉండవు. చర్మం సాగుతుంది, మచ్చలు ఉంటాయి. ఇప్పుడున్నట్టు మళ్ళీ ఉండవు,” అన్నారాయన.

ఆమె తలూపింది. హద్దురాయి ఒకసారి పాతాక ఆ గట్టు మళ్ళీ పాత గట్టు కాదని తెలిసిన మనిషి కదా. ఆ వయసు పిల్ల వెనక్కి వచ్చే దారి కూడా ముందే కొలుచుకుంది.

మొదటి రోజు డాక్టరుగారు తేదీ ఇవ్వరు. ముందు రైస్ టెస్ట్ చేసి రమ్మంటారు. పేరు పెద్దదే గానీ పని చిన్నది. నైలాన్ సాక్స్‌లో కావలసినంత బియ్యం పోసి ముడేసి, గట్టి బ్రాలో పెట్టుకుని కొన్నాళ్ళు ఇంట్లో తిరగాలి. మెట్లెక్కాలి, వంగాలి, పడుకోవాలి, అద్దంలో చూసుకోవాలి. ఆ బరువు, ఆ ఆకారం తనవి అనిపిస్తున్నాయో లేదో తేలుతుంది. ఎంత సైజుకి ఎంత బియ్యమో కొలతలు నేనే చెప్పి పంపాను. నైలాన్ సాక్స్ ఎక్కడ దొరుకుతాయో చెప్పలేదు. ఆ పిల్ల ఇంట్లో జాకెట్ల లైనింగుకి తెచ్చిన గుడ్డ మిగిలి ఉంటే దానితో రెండు సంచులు కుట్టుకుంది. ఆ గుడ్డ పసుపురంగుది.

మిగతాది నీలవేణి ఫోన్‌లో చెప్పింది. మొదట నవ్వుతోందనుకున్నాను, తర్వాత ఏడుస్తోందనుకున్నాను. రెండూ చేస్తోంది.

తల్లి రవణమ్మ బీరువా సర్దుతుంటే బట్టల వెనక పసుపు గుడ్డలో కట్టిన రెండు బియ్యం మూటలు కనిపించాయి. మా వైపు ఏ తల్లికి కనిపించినా అదే అనుకుంటుంది. కూతురు ఏదో దేవుడికి మొక్కుకుని ముడుపు కట్టింది. ఉద్యోగం పర్మినెంటు కావాలనో, మంచి సంబంధం రావాలనో. పిచ్చిపిల్ల, ముడుపుని కట్టుకునే బట్టల మధ్య పెడతారా అని నొచ్చుకుని, తలంటు పోసుకుని, ఆ రెండు మూటలకీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దేవుడి గూట్లో పెట్టేసింది. సాయంత్రం నీలవేణి డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆ మూటల ముందు దీపం వెలుగుతోంది. అగరొత్తులు కూడా.

“ఏ దేవుడికి మొక్కేవే?” అని తల్లి అడిగిందట.

ఏదో ఒక దేవుడి పేరు చెప్పేస్తే సరిపోయేది. నేనైతే చెప్పేసేదాన్ని, సింహాచలం అని. నీలవేణి చెప్పలేకపోయింది. వెలిగించిన దీపం ముందు అబద్ధం ఆడలేక, అమ్మని కూర్చోబెట్టి మొత్తం చెప్పేసింది. రవణమ్మ విని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత కొన్నాళ్ళపాటు అన్నం పెట్టడం తప్ప మాట లేదు. తండ్రి కూడా ఉన్నాడు గానీ, ఆడవాళ్ళ సంగతులు తనకి తెలియకపోవడమే మర్యాద అనుకునే మనిషి.

ఆ తర్వాతి గురువారం ఇద్దరూ కలిసి వచ్చారు. రవణమ్మ సన్నగా, ఎండకి వన్నె మారిన మనిషి, చేతులకి చెరుకాకు కోసిన గీతలు. నేను గొడవకి సిద్ధమైపోయాను. ఇలాంటి తల్లులు వచ్చి మా మీద అరవడం మామూలే. ఆమె అరవలేదు. సంచిలోంచి ఆ రెండు మూటలూ తీసి నా టేబుల్ మీద పెట్టింది. బొట్లు ఇంకా చెరగలేదు.

“ఈ ముడుపు ఎవులికి సెల్లించాలో సెప్పండి సిస్టరమ్మా. దేవుడి కాడెట్టింది మళ్ళీ బీరువాలో ఎట్టడానికి నాకు సేతులు రానేదు,” అంది.

నేను నోరు తెరిచేలోపే నీలవేణి అంది. “నాకే అమ్మా.”

ఇద్దరినీ డాక్టరుగారి గదిలోకి తీసుకెళ్ళాను. అక్కడ రవణమ్మ అడగడం మొదలుపెట్టింది. కోత ఎక్కడ, ఎంత, మత్తు ఎవరిస్తారు, తేడా వస్తే ఎవరు చూస్తారు. అన్నీ పని తెలిసిన ప్రశ్నలే. డాక్టరుగారు కూతురికి చెప్పినవే తల్లికీ చెప్పారు, ఒక్క చెడ్డ సంగతి కూడా తగ్గించకుండా. పెళ్ళి కోసమేనా ఇదంతా అని ఆమె కూతుర్ని సూటిగా అడిగింది.

“సంబంధం కుదిరేక అయితే ఎవులో అడిగినట్టుంటాదమ్మా,” అంది నీలవేణి. “ఇప్పుడు ఎవులూ అడగనేదు. అందుకే ఇప్పుడు.”

నేను ఈ వృత్తిలో పెద్ద పెద్ద సర్జన్ల ఉపన్యాసాలు విన్నాను. పేషెంటు ఎవరి కోసం ఆపరేషన్ కోరుకుంటోందో తెలుసుకోవడం ముఖ్యమని అందరూ చెబుతారు. దాన్ని ఇంత శుభ్రంగా చెప్పినవాళ్ళని చూడలేదు.

సైజు మాట వచ్చింది. బియ్యం మూటలతో తిరిగి చూశాక, ముందు అనుకున్నది తనకి పెద్దదని నీలవేణికి తెలిసిందట. గట్టు దిగి గబగబా నడిస్తే అది తన నడకలా లేదు. డాక్టరుగారు ఛాతీ వెడల్పు కొలిచి, సరిపోయే వాటిలో మూడు చూపిస్తే, అన్నిటికంటే చిన్నది పట్టుకుంది. చున్నీ వేసుకుంటే పక్కింటివాళ్ళకి కూడా తేడా తెలియదని ఆయన ముందే హెచ్చరించారు.

రవణమ్మకి అప్పుడు కోపం వచ్చింది. “ఎవులికీ కనపడనిదానికి కోతెందుకే గుంటా?”

“నాకు కనపడతాది గదమ్మా.”

చివరికి రవణమ్మ తనకిది ఇష్టం లేదనీ, ఇష్టమైందని అబద్ధం చెప్పననీ, అయినా ఆపరేషన్ రోజు పక్కన ఉంటాననీ చెప్పింది. ఆ మూటల్లోని బియ్యం ఏం చేయాలని నన్ను అడిగితే, కడిగి పరమాన్నం వండేయమన్నాను. మొదటిసారి ఇద్దరూ నవ్వారు.

ఆపరేషన్ విశాఖలో. నేను సెలవు పెట్టి వెళ్ళాను. డాక్టరుగారు రమ్మన్నారని ఇంట్లో చెప్పాను గానీ, రమ్మనకపోయినా వెళ్ళేదాన్నే. థియేటర్‌కి తీసుకెళ్ళే ముందు పేషెంటుని నిలబెట్టి మార్కర్ పెన్నుతో ఛాతీ మీద గీతలు గీస్తారు, పడుకుంటే కొలతలు మారిపోతాయి కాబట్టి. ఆ గీతలు అయ్యాక, లోపల పెట్టబోయేది తనకి ఒకసారి చూపించమని రవణమ్మ అడిగింది. అసలుది సీలు వేసిన ప్యాకెట్‌లో ఉంటుంది, విప్పకూడదు. చూపించడానికి అదే సైజు డెమో ముక్క ఒకటి ఉంటుంది. అది ఇచ్చారు.

ఆమె దాన్ని దోసిట్లో, జున్నుముక్కని పట్టుకున్నట్టు పట్టుకుంది. బరువు చూసింది. తర్వాత చెంపకి ఆనించుకుంది.

“సల్లగా ఉందండి బాబూ. లోపలికెళ్ళేక వెచ్చబడతాదా?”

డాక్టరుగారు కళ్ళజోడు తీసేశారు. ఆ ప్రశ్న ఆయన్ని కూడా ఎవరూ అడిగి ఉండరు. “పడుతుందమ్మా. ఒంటి వేడే దానికీ వస్తుంది. కాస్త టైము పడుతుంది,” అన్నారు.

ఆమె ఆ ముక్కని ఆయనకి తిరిగి ఇవ్వలేదు, కూతురి చేతిలో పెట్టింది. నీలవేణి దాన్ని కాసేపు పట్టుకుని నాకిచ్చి, స్ట్రెచర్ ఎక్కింది. నేను ఎన్నో ఆపరేషన్లకి పేషెంట్లని తోసుకెళ్ళాను. ఆ రోజు మాత్రం స్ట్రెచర్‌ని, వార్డులో కొత్తగా చేరిన రోజుల్లోలాగా ఆచితూచి తోశాను. భయంతో కాదు. ఒక మనిషి తన ఒంటి గురించి ఇంత తెలిసి, ఇంత నెమ్మదిగా నిర్ణయం తీసుకోగలదా అన్న ఆశ్చర్యంతో.

ఆపరేషన్ బాగా జరిగింది. మధ్యాహ్నం నీలవేణి మత్తు దిగి మామూలు నిద్రలో ఉంది. బీపీ చూద్దామని గదిలోకి వెళితే, రవణమ్మ మంచం పక్కన నిలబడి దుప్పటి సర్దుతూ కనిపించింది. నన్ను చూసి, తప్పు చేస్తూ దొరికిపోయినదానిలా చెయ్యి వెనక్కి తీసుకుంది.

“కట్టు పక్కన సెయ్యెట్టి సూసేను సిస్టరమ్మా. వెచ్చగానే ఉంది,” అంది.

బీపీ మిషన్ సర్దుతున్నట్టు అటు తిరిగాను.

కౌన్సెలింగ్ అంటే మంచీ చెడూ వివరించి, పేషెంటుతో అవుననో కాదనో అనిపించడమే అనుకునేదాన్ని. నిర్ణయం ఒక్కరిదే అయి ఉండాలి, అందులో నాకు రెండో మాట లేదు. తల్లి వద్దన్నా ఆ పిల్ల చేయించుకునేదే, చేయించుకోవాలి కూడా. కానీ ఒప్పుకోకుండానే ఒకరి నిర్ణయం పక్కన నిలబడవచ్చని, ఇష్టం లేనిదాన్ని కూడా చెంపకి ఆనించుకుని చూడవచ్చని నాకు ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. ఇప్పుడు ఈ ఆపరేషన్ గురించి అడగడానికి మా ఓపీకి ఎవరు వచ్చినా, చెప్పడం మొదలుపెట్టే ముందు డెమో ముక్క చేతిలో పెట్టి కాసేపు ఊరుకుంటున్నాను. ఇంత నోరున్న నాకు ఊరుకోవడం వాళ్ళిద్దరే నేర్పారు.

నీలవేణి మొన్న ఏదో పని మీద చోడవరం వచ్చి నన్ను పలకరించి వెళ్ళింది. అమ్మ ఎలా ఉందని అడిగాను. ఆ ఆపరేషన్ తనకి ఇష్టం లేదని ఇప్పటికీ అంటుందట. చలికాలం పొద్దున్నే కూతురు పొలాల మీదికి బయల్దేరితే మాత్రం, అది సల్లబడిపోతాదని చెప్పి, స్వెటర్ తొడిగించనిదే గుమ్మం దాటనివ్వదట.