పాత యాప్‌లో 287

నేను రోజూ టిఫిన్ చేసే కొవ్వూరు హోటల్లో ఈ మధ్య పెసరట్టు పక్కన అల్లప్పచ్చడి వెయ్యడం మానేశారు. అడిగితే వేస్తారు. కాకపోతే అడిగినవాణ్ణి, పిలవని పెళ్ళికొచ్చి రెండోసారి వడ్డించమన్నవాణ్ణి చూసినట్టు చూస్తారు. "ఇప్పుడందరూ కొబ్బరి చట్నీయే తింటున్నారండి" అంటాడు కౌంటరు దగ్గరాయన. ఆ అందరూ ఎవరో నాకు తెలియదు. నన్నయితే ఎవరూ అడగలేదు.

ఈ అందరూ అనేవాళ్ళతో నాకు పాత పేచీ ఒకటుంది. మా చర్చిలో నా కీబోర్డుకు ముసుగు వేసింది కూడా వాళ్ళ పేరు చెప్పే.

వారమంతా కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి, ఆదివారం మా లూథరన్ చర్చిలో కీబోర్డు వాయించేవాణ్ణి. మొదటి పనిలో నా మాట ఎవరూ వినేవారు కాదు కాబట్టి రెండోదంటే నాకు ప్రాణం. మా దగ్గర పాటను పల్లవితో అడగరు, నంబరుతో అడుగుతారు. "నూటపదకొండు పాడదామండి" అంటే చాలు, కళ్ళజోడు మరిచిపోయి వచ్చిన ముసలమ్మ కూడా అందుకుంటుంది. పాటల పుస్తకాలు చిరిగి పోగులయ్యాక, అవే నంబర్లతో ఒక యాప్ వచ్చింది. ప్రతి పాట కింద మనం ఏదైనా రాసుకునే చోటుండేది. ఏ పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలి, ఏ చరణం దగ్గర మగవాళ్ళు పరుగు తీస్తారు, ఎక్కడ ఎవరికి దగ్గు వస్తుంది, అన్నీ ఎనిమిదేళ్ళపాటు అందులో రాసుకున్నాను. తరవాత ఆ యాప్ చేసినవాళ్ళెవరో దాన్ని ఆపేశారు.

సరిగ్గా అప్పుడే మా సంఘ కార్యదర్శి కొత్త యాప్ ఒకటి తెచ్చాడు. ఆయన మా ఆవిడ అక్కగారి భర్త, నాకు తోడల్లుడు. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన తమ్ముడూ అంటాడు. అంతకు మించి ప్రేమలేమీ లేవు. కొత్త యాప్‌లో నంబర్లన్నీ మారిపోయాయి. నంబరు కొడితే స్పీకర్లోంచి సంగీతం కూడా దానంతటదే వస్తుంది.

"ఇప్పుడందరూ దీంతోనే పాడుతున్నారు, ఇక నీకు శ్రమ లేదు తమ్ముడూ" అన్నాడు, కమిటీ అందరి ముందూ. "కరెంటు పోతే తప్ప పాట ఆగదు. తప్పు స్వరం పడుద్దేమోనన్న బెంగ కూడా లేదు."

ఆ చివరి మాటకి కమిటీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇంకా ఎవరెవరు నవ్వారో చూసి పెట్టుకున్నాను.

కొన్నాళ్ళకు నా ఫోను వీపు ఉబ్బింది. కొత్తది కొనడానికి వంతెన దాటి రాజమండ్రి వెళ్ళాను. షాపతను ఫోటోలు, కాంటాక్టులు అన్నీ క్షణంలో ఎక్కించి, ఆ ఒక్క యాప్ దగ్గర ఆగాడు.

"ఇది రాదండి. స్టోర్లోంచి తీసేశారు."

"ఫైలు పంపి చూడండి."

పంపాడు. పాత ఫోన్ల కోసం చేసిన యాప్ అని కొత్త ఫోను దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. "అదేమంత పెద్ద యాపండీ, వదిలెయ్యండి" అన్నాడు. అతని పేరు కూడా నా మనసులోని జాబితాలో చేరింది.

అప్పటినుంచి నావి రెండు ఫోన్లు. కొత్తది మాట్లాడటానికి, పాతది పగకు. పాతదాని వెనక మూత ఊడిపోకుండా రబ్బరుబ్యాండు వేశాను.

"ఒక్క యాప్ కోసం రెండు ఫోన్లేంటండీ? పెళ్ళాం విషయంలో ఒక్కదానితోనే సరిపెట్టుకున్నారుగా" అంది మా ఆవిడ.

"నీకు అప్‌డేట్లు ఆగలేదుగా" అన్నాను. ఆ పూట కూరలో ఉప్పు లేదు.

వేసవి సెలవుల్లో రెండు యాప్‌లనూ పక్కపక్కన పెట్టుకుని, ఏ పాట ఏ నంబరుకు పోయిందో పట్టీ రాశాను. ఎందుకని మా ఆవిడ అడిగితే సంఘానికి ఉపయోగపడుతుందన్నాను. సంఘానికి మాత్రం ఇవ్వలేదు. ఆ పట్టీలో నాకు బాగా నచ్చిన వరుస ఒకటుంది. పాత 287 సమాధి కార్యక్రమాల్లో పాడే పాట. అది కొత్తదాంట్లో 346 అయింది. కొత్త 287, పెళ్ళికూతురు లోపలికి నడిచొచ్చేటప్పుడు పాడేది.

మా వీధి చివర ఉండే రిటైరైన టీచరమ్మగారు పోయింది ఆ తరవాతే. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక కీబోర్డు దగ్గరకొచ్చి, "ఒక్కసారి 287 వాయించవయ్యా" అనేది ఆవిడే. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మాయి మా ఇంటికొచ్చింది.

"మాస్టారూ, అమ్మ పాటే పాడాలండి. తుని నుంచి మా పిన్నివాళ్ళు వస్తున్నారు, వాళ్ళూ అందుకుంటారంట. కొత్త యాప్‌లో నంబరెంతండి?"

"మూడొందల నలభై ఆరమ్మా" అన్నాను.

మధ్యాహ్నం చర్చిలో మనుషులు పట్టలేదు. టీచరమ్మగారి పెట్టెను అందరి ముందూ ఉంచారు. మా పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగిస్తున్నారు. అన్నయ్యగారు ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చి చెవిలో అడిగాడు.

"టీచరమ్మగారి పాట నంబరెంత తమ్ముడూ?"

ఈ కొత్త యాప్ వచ్చాక ఆయన నన్నొక విషయం అడగడం అదే మొదలు. నా చేతిలో రెండు ఫోన్లూ ఉన్నాయి. రబ్బరుబ్యాండు ఉన్నదాని వంక చూశాను.

"రెండొందల ఎనభై ఏడు అన్నయ్యగారూ."

నేను అబద్ధమాడలేదు. నా ఫోన్లో అదే ఉంది.

అన్నయ్యగారికి నంబరు కొట్టాక పాటేమిటో చూసుకునే అలవాటు లేదు. మైకులో 287 అని చెప్పి నొక్కాడు. సన్నాయి, వెనకే డోలు. ముందు వరుసలో ముసలమ్మలు 287 అని విని, పాత అలవాటు కొద్దీ సరైన పాటే వీధంతా వినపడేలా ఎత్తుకున్నారు. తుని చుట్టాలు 346 తెరిచి పెట్టుకుని ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయారు. కుర్రకారు ఫోన్లలో చూస్తూ పెళ్ళికూతుర్ని ఒక చరణం దూరం నడిపించారు. అన్నయ్యగారు ఆపబోయి, కంగారులో సౌండు పెంచాడు. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

అయ్యగారు నా వైపు చెయ్యి ఊపారు. నేను తొందరపడలేదు. ముసుగు తీసి, మడతపెట్టి, పక్కన పెట్టాను. పాత ఫోను తెరిస్తే ఆ పాట కింద నేనెప్పుడో రాసుకున్నది కనిపించింది: టీచరమ్మగారికి సి శ్రుతిలో. నెమ్మదిగా. సి లో నెమ్మదిగా వాయించాను. మూడో చరణానికి చర్చి అంతా ఒకే గొంతయింది. అన్నయ్యగారు స్పీకరు వైరు చేతికి చుట్టుకుంటూ గోడ పక్కన నిలబడ్డాడు. ఆయన ముఖాన్ని నేను రెండుసార్లు చూశాను. రెండోసారి అవసరం లేదు, అయినా చూశాను.

బయటికొచ్చాక అయ్యగారు భుజం తట్టారు. "వచ్చే ఆదివారం నుంచి మీరే కూర్చోండి. మెషిన్లని నమ్ముకోకూడదు." కమిటీలో అప్పుడు నవ్విన నలుగురిలో ముగ్గురు తల ఊపారు. నాలుగో ఆయన కోసం వెతుకుతూ గేటు దాకా వచ్చాను.

అక్కడ టీచరమ్మగారి అమ్మాయి వచ్చినవాళ్ళకు దణ్ణాలు పెడుతోంది. నా వంతు వచ్చేసరికి చేతులు దించింది.

"పొద్దున నాకు నంబరు సరిగ్గానే చెప్పారు మాస్టారూ" అంది. నా చేతిలోని రెండు ఫోన్లనూ చూసింది. "మా అమ్మ మీకేం చెయ్యలేదండి."