వదిన పేర్చిన మాట

పోయిన ఆదివారం మా మనవరాలు ఆఫీసు స్నేహితుల్ని పిలిచి ముందుగదిలో ఏదో బోర్డు ఆట పెట్టింది. ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలు కలిపి లోకంలో లేని మాట పుట్టించాలట, దానికో అర్థం చెప్పి నవ్వించాలట. ఆ నవ్వులు వింటూ కుర్చీలో కుదురుగా కూర్చోలేక వరండాకీ వంటింటికీ నాలుగుసార్లు తిరిగాను.

మేం కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో, బెంగాలీ బడికెళ్ళే పిల్లలం తెలుగు మరిచిపోతామని బెంగపడి, గూడ్సు గార్డుగా చేసే మా నాన్న పాత శుభలేఖలు ముక్కలుగా కత్తిరించి, ఒక్కోదాని వెనక ఒక్కో అక్షరం రాసి, అచ్చం ఇలాంటి ఆటే కనిపెట్టారు. ఎవరైనా నవ్వితేనే మాట చెల్లినట్టు. ఒకసారి అమ్మ ‘గిన్నాసురుడు’ అని పేర్చి, తోమేకొద్దీ పుట్టుకొచ్చే అంట్లని అర్థం చెబితే, టీ తాగుతున్న నాన్నకి పొలమారింది.

తర్వాత అన్నయ్య, షాలిమార్ స్టేషన్లో తనతో పనిచేసే బెంగాలీ అమ్మాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకుని ఇంటికి తీసుకొచ్చాడు. నాన్న పొమ్మనలేదు, రమ్మనలేదు. మూడు నెలలు వదినతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఆవిడ వడ్డిస్తే తలొంచుకుని తినేవారు, కావలసింది అమ్మనడిగేవారు. ఇవాళో రేపో అన్నయ్య వేరుకాపురం పెట్టేస్తాడని, గుమ్మంలో పెట్టె కనబడుతుందేమోనని, నేను రోజూ బడినుంచి పరుగున వచ్చేవాణ్ణి.

ఒక ముసురు ఆదివారం మధ్యాహ్నం మేం ఆటకి కూర్చుంటే వదినా వచ్చి అమ్మ పక్కన చేరింది. నా వాచకం చూసి అక్షరాలు నేర్చుకుంటోందని నాకొక్కడికే తెలుసు. చాలాసేపు వెతికి నాలుగు ముక్కలు పేర్చింది: మా, ట, ప, స్తు.

“ఏటది?” అన్నారు నాన్న, అమ్మకేసి చూస్తూ.

వదినే నాన్నని తన భాషలో పిలుస్తూ, వచ్చీరాని తెలుగులో జవాబిచ్చింది. “మాటపస్తు, బాబా. ఇంట్లో అన్నం పెడతారు, కడుపు నిండా. ఒక మనిషి మాత్రం మాట పెట్టరు.”

ఎవరూ నవ్వలేదు. నాన్న లేచి వరండాలోకి వెళ్ళి వానకేసి చూస్తూ నిలబడ్డారు. అన్నయ్య మొహం పాలిపోయింది. కాసేపటికి ఆయన వచ్చి తన చోట్లోనే కూర్చుని, ఆ నాలుగు ముక్కలూ తీసి మిగతావాటిలో కలిపేసి, మొదటిసారి వదిన మొహంలోకి చూశారు.

“ఎవరూ నవ్వలేదు గదమ్మా, ఆ మాట చెల్లదు. ఇంకోటి పేర్చు.”

వదిన నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ వదినే తర్వాత తెలుగు నవలలు గడగడా చదివేది. అది చాలక నేను రాసిన ఉత్తరాల్లో కూడా తప్పులు దిద్దేది. నిరుడు పోయింది. మనవరాలు నాతో చక్కగా తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరం గుర్తుపట్టదు. తెలుగు చదవగలిగే నా ఈడువాళ్ళు మీరైనా ఉన్నారని ఇదంతా రాస్తున్నాను. రాసిన కాగితం పట్టుకుని లేచి ఇల్లంతా తిరిగినా, ఇది చదివి పెట్టే మనిషి మా ఇంట్లో ఇప్పుడు లేదు.