లేక్ ఫేసింగ్ శ్రీనివాసప్ప

శ్రీనివాసప్పకి ఒకటే జబ్బు. ఏ ఇంటినీ ఉన్నది ఉన్నట్టు చెప్పలేడు. ఇరవై ఏళ్ళుగా మడివాళలో అద్దె ఇళ్ళ బ్రోకరు. ఆయన వాట్సాప్‌లో పెట్టే ప్రకటనలు చదివితే బెంగళూరులో పాత కొంపంటూ ఒక్కటీ లేదనిపిస్తుంది. ఆయన్ని నమ్ముకుని రెండు నెలల్లో పద్నాలుగు ఇళ్ళు చూశాను. పద్నాలుగూ కూలడానికి ముహూర్తం చూసుకుంటున్నవే.

మొదటిది 'లేక్ ఫేసింగ్'. తీరా వెళ్తే కిటికీకి ఎదురుగా పెద్ద మురిక్కాలువ. ముక్కు మూసుకుని అడిగాను.

"లేక్ ఏదండీ?"

"నీళ్ళు కనబడతా ఉండాయి కదప్పా. వానాకాలంలో నువ్వు దాని కాడికి పోవాల్సిన పని కూడా లేదు. అదే ఇంట్లోకి వస్తాది."

రెండోది 'ఎండా వెలుతురూ పుష్కలం'. సిమెంటు రేకులో చాటంత చిల్లు.

"పగలు లైటు వెయ్యాల్సిన పనే లేదప్పా."

"వానొస్తే?"

"వానొస్తే ఎండ ఉండదు కదా. అప్పుడు వేసుకో."

ఇంకోదాన్ని 'మాడ్రన్ కిచెన్' అన్నాడు. అందులో నేను నిలబడితే ఆయన వరండాలోంచి మాట్లాడాల్సి వచ్చింది. "ఒకరికే చోటు. వంటింటి గొడవలు రమ్మన్నా రావు" అని అక్కణ్ణించే అరిచాడు.

నాకు నవ్వే ఓపిక కూడా లేదు. నా పేరు యోహాను. ఒక ఆసుపత్రి ల్యాబులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రక్తపరీక్షలు చేస్తాను. ఇంట్లో నేనూ మా అమ్మ మార్తా, ఇద్దరమే. అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. చెవులు బాగా తగ్గాయి, గొంతు మాత్రం తగ్గలేదు. రోజూ ఐదింటికి లేచి కీర్తన ఎత్తుకుంటుంది. తన పాట తనకి వినబడాలి కాబట్టి వీధి మొత్తానికీ వినబడేట్టు పాడుతుంది. ఆ పాట పుణ్యమా అని రెండేళ్ళలో మూడిళ్ళు మారాం. నాలుగో ఓనరు కూడా నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు.

మంచి ఇళ్ళవాళ్ళు అమ్మ సంగతి చెప్పగానే "తర్వాత ఫోన్ చేస్తాం" అన్నారు. ఆ ఫోన్లు ఇప్పటికీ రాలేదు. ఇక మిగిలింది శ్రీనివాసప్ప ఇళ్ళే. చివరికి ఆ చిల్లురేకుల ఓనరు కూడా మేమొద్దన్నాడు.

ఆ రోజు అమ్మ నాకు భోజనం వడ్డిస్తూ, "నేను పాడ్డం మానేస్తే ఇల్లు దొరుకుతుందా నాయనా?" అంది. ఓనర్లందరి మీదా కోపమొచ్చింది నాకు. ఆ కోపమంతా శ్రీనివాసప్ప మీద చూపించాను. ఫోన్ చేసి, "ఇంకొక్క అబద్ధం చెప్పారంటే ఊరుకోను" అని కేకలేశాను.

"బేజారు పడొద్దప్పా. హాల్లో గాలి ఆడే ఇల్లొకటి ఉండాది..."

పెట్టేశాను.

మర్నాడు ల్యాబులో ఉండగా ఆయన నుంచి ఒక వాయిస్ మెసేజీ వచ్చింది. ఇంకెవరికో పంపబోయి నాకు పంపాడు.

"భాగీరథమ్మా, నమస్కారం. మీ కింద పోర్షన్‌కి మంచి పార్టీ ఉండాడు. ఆసుపత్రిలో పెద్ద పని. మాట తక్కువ. ఆయప్పకి తల్లి ఉండాది. పొద్దున్నే ఐదింటికి దేవుడి పాట పాడతాది. ఏం గొంతమ్మా అది! పొద్దున లేస్తే ఇంట్లో మనిషి గొంతు వినబడదని అంటా ఉంటివి కదా, ఇంక ఆ బాధ ఉండదు. ఇప్పటికి పదకొండు మంది ఓనర్లకి చెప్పినా. ఆ తల్లి విలువ ఒక్కరికీ తెలీలేదు. నువ్వన్నా వినమ్మా."

నా కోపం ఎటు పోయిందో పోయింది. మాట తక్కువ కాదు, నాకు అలసట ఎక్కువ. దాన్ని కూడా ఈ మనిషి సద్గుణం చేసి చెప్తున్నాడు. పగుళ్ళ గోడల్ని పొగిడినట్టే ఇన్నాళ్ళూ ఇంటింటికీ వెళ్ళి మమ్మల్నీ పొగుడుతున్నాడన్నమాట. ఐదు నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశాడు.

"అది నీకొచ్చిందాప్పా? వినొద్దు, తీసెయ్."

"మా అమ్మ పాట మీరెప్పుడు విన్నారు?"

"మా ఇంట్లో కూచునే విన్నా. రెండు వీధులే కదప్పా దూరం!"

ఆ వారమే భాగీరథమ్మ గారి కింద పోర్షన్‌లో చేరాం. పైనుంచి కారే నీళ్ళకి హాలు మధ్యలో బకెట్టు పెట్టి ఉంది. శ్రీనివాసప్ప దాని గురించి ఏదో చెప్పబోయాడు. "తెలుసులెండి" అని ఆపేశాను.

మొదటి రోజు ఐదైంది. అమ్మ మంచం మీద కూర్చుని పెదాలు కదుపుతోంది. గొంతు లేదు. చూడలేక తల తిప్పుకున్నాను. ఐదుంబావుకి తలుపు చప్పుడైంది. గుమ్మంలో భాగీరథమ్మ గారు, శాలువా కప్పుకుని, ముఖం చిటపటలాడుతూ. మళ్ళీ సామాన్లు సర్దాల్సిందే అనుకున్నాను.

"ఏమప్పా, మీ అమ్మకి ఒళ్ళు బాగలేదా?"

"బాగానే ఉందండీ."

"మరి పాట ఏది? నాలుగున్నరకే లేచి కూచోనుండా. ఆ శ్రీనివాసప్ప ఎప్పుడూ ఇంతే. చెప్పేదొకటి, ఇచ్చేదొకటి!"

ఇరవై ఏళ్ళలో ఆయన ఒకే ఒక్క నిజం చెప్తే, దాని మీదా ఫిర్యాదే. పరుగున వెళ్ళి అమ్మ చెవిలో గట్టిగా అరిచాను. అమ్మ నన్ను చూసింది, గుమ్మంలో ఆవిణ్ణి చూసింది, గొంతు సవరించుకుని ఎత్తుకుంది. ఎదురింట్లో కుక్క లేచింది. భాగీరథమ్మ గారు మెట్టు మీద చతికిలబడి శాలువా సర్దుకున్నారు.

హొసకోటె నుంచి మా చెల్లెలు షారోన్ ఫోన్ చేసింది.

"కొత్త ఇల్లెలా ఉందిరా అన్నయ్యా?"

బకెట్టు వైపు చూశాను. సగం నిండింది.

"చాలా బావుందే. హాల్లోకే నీళ్ళొస్తాయి" అన్నాను.