బహ్రెయిన్‌లో రాహుకాలం

తొంభైల్లో బహ్రెయిన్‌లో మాకు సెలవు శుక్రవారం. ఒక చలికాలమంతా ఆ సెలవులు నేనూ, మా గదిలో ఉండే మేస్త్రీ సిత్రా వంతెన పక్క రాళ్ళకట్ట మీద గాలాలతో గడిపాం. నాది కాకినాడ, కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. అతనిది నిజామాబాద్ వైపు. ఆ కట్ట మీద ఒక బహ్రెయినీ ముసలాయన బతికున్న చిన్న చేపను గాలానికి గుచ్చి, చేయంత బరాకుడా చేపను లాగడం చూసినప్పటి నుంచీ మేస్త్రీకి అదే ధ్యాస. ఫిబ్రవరి నెలాఖరుకు అతని వీసా అయిపోతుంది. వెళ్ళేలోగా ఒక బరాకుడా పట్టి గదిలో అందరికీ పులుసు పెడతానని మాట ఇచ్చేశాడు.

తెల్లవారగానే చిన్న వలతో వేలెడు చేపలు పట్టి బకెట్లో వేసేవాళ్ళం. అవి చావకుండా అరగంటకోసారి సముద్రపు నీళ్ళు మార్చడం నా పని. పోటు, గాలి, ఎర, పడిన చేప - నాలుగూ డైరీలో రాసేవాణ్ణి. నాలుగో గడిలో వారం వారం సున్నాయే.

"ఏం మేస్త్రీ, గీ వారం గూడ కోడిగుడ్ల పులుసేనా?" అనేవారు గదిలోవాళ్ళు.

కారణం నాకు తెలుసు. అతను ఊరినుంచి తెచ్చుకున్న క్యాలెండర్‌లో శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. ఆ వేళకు గాలం పైకి తీసి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ముసలాయన సరిగ్గా ఆ గంటన్నరలోనే చేపలు లాగేవాడు.

"ఆయనకు పడుతున్నాయి కదయ్యా!"

"ఆయనకు రాహువు లేడన్నా. మనకున్నడు."

చివరి శుక్రవారం పదకొండు దాటాక గాలికి బకెట్ బోర్లా పడింది. చేపలు రాళ్ళ సందుల్లోకి జారిపోయాయి. ఒక్కటే చేతికందింది. మేస్త్రీ దాన్ని గబగబా గాలానికి గుచ్చి నీళ్ళలోకి వదిలాడు.

"రాహుకాలం!" అన్నాను.

"గాలం ఎయ్యలేదన్నా. పాపం సస్తదని నీళ్ళల్ల వెట్టిన, గంతే."

ఆ మాట ముగియకముందే దారం బిగిసింది. ముసలాయన "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ పరుగున వచ్చాడు. ముగ్గురం కలిసి లాగాం. రంపంపళ్ళ బరాకుడా రాళ్ళమీద ఎగిరెగిరి పడుతుంటే మేస్త్రీ మంకీ టోపీ గాల్లోకి విసిరి గంతులేశాడు. అంతలోనే ముఖం చిన్నబోయింది.

"టైమెంతన్నా?"

"పదకొండూ పది."

"ఇండియాల?"

"ఒంటిగంట నలభై."

"మరింకేంది! క్యాలెండర్ అచ్చేసింది ఆడనే గద. రాహుకాలం ఎప్పుడో ఒడిసిపాయె!"

"మరి ఈ చలికాలమంతా..."

"గది ఇడిసిపెట్టు. డైరీల మాత్రం ఇండియా టైమే రాయి."

నాలుగో గడిలో ఒకటి వేసి, పక్కన ఒంటిగంట నలభై అని రాశాను. ఆ సాయంత్రం గదిలో ఎవరూ కోడిగుడ్ల మాట ఎత్తలేదు.