వేపమండలు కట్టిన గుమ్మం

వేప పూత వాసన తగిలితే అందరికీ ఉగాది పచ్చడి గుర్తొస్తుందంటారు, నాకు మాత్రం మా ఊరి ఇంటి గుమ్మం గుర్తొస్తుంది. ఇప్పుడూ అదే జరుగుతోంది. విజయనగరంలో మా అమ్మాయి గౌరి చదివే బడి గేటు పక్కనే ఓ వేపచెట్టుంది, దాని కొమ్మకీ ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికీ కలిపి ఫ్లెక్సీ కట్టారు, అందులో కిందటేడు పదో తరగతి రాసిన పిల్లల మొహాలు, ఒక్కో మొహం కింద ఒక్కో అంకె, అన్నిటికీ పైన ఎర్రగా 'నూటికి నూరు శాతం'. ఆ మొహాల మీద సన్నగా వేపపువ్వు రాలుతోంది. "హాల్ టికెట్ గురించి ఓసారి మాట్లాడాలమ్మా, రండి" అని బడివాళ్ళు పొద్దున్నే ఫోను చేస్తే, బట్టల కొట్టు మా ఆయనకి అప్పజెప్పి వచ్చాను. వాళ్ళేం మాట్లాడతారో నాకు తెలుసు. మా గౌరికి ప్రీఫైనల్లో లెక్కల్లో వచ్చిన మార్కులు చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. లోపల ఇంకెవరో ఉన్నారు, కాసేపు కూర్చోండని వాచ్‌మన్ చెట్టు కింద బల్ల చూపించాడు.

మా ఊరు పొందూరు దగ్గర. చలి వెళ్ళిపోయి ఎండ ఇంకా ముదరని రోజుల్లో పెసలూ మినుములూ పీకేసిన పొలాలు బోసిగా పడుండేవి, కళ్ళాల్లో ఉలవలు నూర్చిన దుమ్ము సాయంత్రం దాకా గాల్లోనే తేలుతుండేది, ఊరి చివర జీడితోటలు పూతకొచ్చి అదో రకం తీపి మత్తు వాసన కొట్టేవి, పొద్దున్నే చోడి అంబలిలోకి ఉల్లిపాయ కొరుక్కుంటూ, మధ్యాహ్నానికి ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఉంటుందో ఉండదో అని అమ్మ మొహం చూస్తూ తిరిగేవాళ్ళం. మా మామ్మ, అంటే నాన్నవాళ్ళ అమ్మ, అరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వెనలా పత్తి ఏకుతుంటే దూది పీచు ఎగిరొచ్చి ఆవిడ కనుబొమల మీద వాలేది, ఆవిడ దులుపుకునేది కాదు. ఎదురింట్లో కిరాణా కొట్టు. ఆ కొట్టు అరుగు మీదే నేనూ, కొట్టువాళ్ళబ్బాయి శ్రీనూ గచ్చకాయలాడేవాళ్ళం. శ్రీను మా ఏడో తరగతిలో మొదటివాడు. నేను చివరిదాన్ని. గచ్చకాయల్లో మాత్రం వాడు నామీద ఒక్కనాడూ గెలవలేదు, అయినా వాటికి మార్కులెవరు వేస్తారు!

మా బడిలో మార్కుల్ని బట్టే కూర్చునే చోటు. యూనిట్ టెస్టు మార్కులు చెప్పిన మర్నాడు ఎవరి పుస్తకాల సంచీ వాళ్ళు పట్టుకుని చోట్లు మారాలి. మొదటివాడికి మాస్టారి కుర్చీ పక్క, అక్కణ్ణుంచి వరసగా వస్తే చివరికి గుమ్మం పక్క. నేను ఆ గుమ్మం పక్కనే పెరిగాను. గాలి బాగా వచ్చేది, అది వేరే సంగతి.

అప్పట్లో ఏడో తరగతికి కామన్ పరీక్షలుండేవి. మా బడి ఏడు వరకే, ఆ పరీక్ష గట్టెక్కినవాళ్ళు ఏరు దాటి అవతలి ఊరి హైస్కూలుకి వెళ్ళేవారు. తప్పిన మగపిల్లలు మళ్ళీ రాసేవారు. ఆడపిల్ల ఒక ఏడాది ఆగిందంటే మళ్ళీ బడి మొహం చూసిన దాఖలా మా వీధిలో లేదు. మా అక్క అలాగే ఆగింది, ఆగి జీడిపిక్కలు కొట్టడానికి వెళ్ళింది, దాని వేళ్ళు జీడి రసానికి నల్లగా పొక్కిపోయి అన్నం కలుపుకోవడానికే బాధపడేది. పక్కన కూర్చుని ఆ వేళ్ళు చూస్తూ తినేదాన్ని నేను. హైస్కూలు అంటే నాకు చదువు కాదు, ఆ వేళ్ళు నాకు రాకపోవడం.

మా పెద్ద మాస్టారు పొరుగూరి నుంచి సైకిలు మీద వచ్చేవారు. తెల్లటి ఖద్దరు చొక్కా, జేబులో ఎర్ర కలం. చెడ్డవాడు కాదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ ఏడు ఆమదాలవలస నుంచి ఒక కాన్వెంటు వాళ్ళ పసుపుపచ్చ వ్యాను మా ఊరికి రావడం మొదలెట్టింది, మెడకి టై కట్టుకున్న పిల్లలు సాయంత్రం ఆ టైతోనే మేకల్ని తోలుకొచ్చేవారు, ఊరంతా అరుగుల మీద కూర్చుని ఆ చోద్యం చూసి మురిసిపోయేది. మా బడిలో కింది తరగతులు ఒక్కొక్కటే పల్చబడ్డాయి. పక్కూరి బడివాళ్ళేమో తమ గోడ మీద రోడ్డుకి కనబడేలా 'ఏడో తరగతి నూటికి నూరు' అని రాయించుకున్నారు, అది రాయించాక అక్కడికి వ్యాను రావడం మానేసింది. మాస్టారు కూడా మా బడి గోడకి ఒక పక్క సున్నం కొట్టించి తెల్లగా ఉంచారు. ఏం రాయడానికో మాకు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. రోజూ బడిలోకి వస్తూ ఆ తెల్లటి చోటు వైపు చూడకుండా తల దించుకుని నడిచేదాన్ని.

ప్రీఫైనల్ మార్కులు వచ్చిన సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చారు. అంతకు ముందెప్పుడూ రాలేదు. నాన్న తుండుతో నులకమంచం దులిపి కూర్చోబెట్టాడు, అమ్మ టీ పెట్టింది, ఆ గౌరవంలోనే సగం పని అయిపోయింది. మిగిలిన పిల్లలందరూ గట్టెక్కుతారట, నేనొక్కదాన్నే లెక్కల్లో తప్పుతానట. పరీక్షకి వచ్చినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారన్నదే పైవాళ్ళు చూస్తారు, అసలు రానివాళ్ళని చూడరు. అంచేత నేను రాకుండా ఉంటే చాలట. వచ్చే ఏడు తనే దగ్గర కూర్చోబెట్టుకుని రాయిస్తానన్నారు. ఊరికే మానేస్తే నలుగురూ అడుగుతారు కాబట్టి, అమ్మోరు పోసిందని చెబితే ఎవరూ గుమ్మం తొక్కరని ఉపాయం కూడా ఆయనే చెప్పారు. ఆ రోజుల్లో ఆటలమ్మని మా వైపు జబ్బు అనేవారు కాదు, అమ్మోరు ఇంటికొచ్చిందనేవారు.

"బడి పోతే ఊరి పిల్లగుంటలందరికీ పోతాది అప్పన్నా," అన్నారాయన నాన్నతో. "ఇది ఒక్కర్తే గదా."

ఒక్కర్తే. తలుపు వెనక నిలబడి విన్నాను. కోపం రాలేదు నాకు, భయమేసింది, అక్క వేళ్ళే కళ్ళముందు కనబడ్డాయి. కోపం తర్వాత వచ్చింది, ఇంకా పోలేదు.

నాన్న తలూపాడు. మామ్మ మాత్రం చేప దవడ పక్కన పడేసి లేచింది. బడి కోసం అమ్మోరి పేరు చెప్పి అబద్ధమాడతారా, ఆవిడతో ఆటలా అని నాన్నని నానా మాటలూ అంది. వేపమండలు తను ముట్టనంటే ముట్టనంది. దాంతో పరీక్షలు రెండు రోజుల్లో ఉన్నాయనగా నాన్నే మండలు విరుచుకొచ్చి గుమ్మానికి కట్టాడు.

నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టారు. మొహానికి పసుపు రాశారు, తల దువ్వలేదు, చప్పిడి కూడు పెట్టారు. కిటికీ సందులోంచి ఎదురింట్లో శ్రీను వల్లె వేస్తున్న సూత్రాలు వినబడేవి. వాడు ఒక చోట తడబడితే నాకు తెలిసిపోయేది, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. వాడితోపాటు నేనూ పెదాలు కదిపేదాన్ని. నాకెందుకు ఆ సూత్రాలు? అయినా కదిపేదాన్ని.

మాస్టారు మా ఊరివాడు కాదు. అంత చదువుకున్నాయనకి మా వీధి సంగతి తట్టలేదు. గుమ్మానికి వేపమండ కనబడితే ఆ ఇల్లొక్కటే కాదు, వీధి వీధంతా కట్టుబడి ఉండాలి. తాలింపు ఘాటు అమ్మోరికి పడదని ఆ సాయంత్రం ఏ ఇంట్లోనూ ఆవాలు చిటపటలాడలేదు. కొట్టు అత్త, శ్రీను వాళ్ళమ్మ, తన అరుగు దిగకుండానే ఎప్పుడు పోసిందని మా అమ్మని అడిగింది. అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని అత్త ఇంకా హడలిపోయింది. మొన్నటిదాకా నాతో గచ్చకాయలాడిన కొడుకుని లోపలికి లాక్కుని తలుపేసుకుంది. అమ్మోరు వచ్చిన వీధి పిల్లలు ఏరు దాటకూడదు, దాటితే వెంటబడుతుంది. ఇది మా వీధిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

పరీక్ష ఏరవతలి హైస్కూల్లో, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళడానికి ఆ రోజు పొద్దున్న బడి దగ్గర ట్రాక్టరు వచ్చి నిలబడింది. అవతలి వీధి పిల్లలు ముగ్గురో నలుగురో వచ్చారు. మా వీధి నుంచి పురుగు కూడా కదల్లేదు. మాస్టారు సైకిలు అక్కడే పడేసి పరుగున వచ్చారు, ప్రతి గుమ్మం ముందూ ఆగి పిలిచారు, బతిమాలారు, అరిచారు. కిటికీ సందులోంచి నాకంతా కనబడుతోంది. శ్రీను తల నున్నగా దువ్వుకుని, కొత్త అట్ట పట్టుకుని గడప లోపల నిలబడి ఏడుస్తున్నాడు, వాళ్ళమ్మ వాడి రెక్క వదలడం లేదు. అది అమ్మోరు కాదమ్మా, ఉత్త చెమటకాయలే అని మాస్టారు నవ్వబోయారు. వేపమండలు కట్టాక చెమటకాయలంటారేటి అని ఆవిడ ఎదురడిగింది. ఆయన మొహం కక్కలేక మింగలేక అన్నట్టయింది. ఎండ పెంకుల మీదికి వచ్చేసింది. ట్రాక్టరు హారను మోగింది. ఆ హారను మోగిన ప్రతిసారీ లోపల నా ప్రాణం పోయి వచ్చేది, అది వెళ్ళిపోతే మా వీధి పిల్లలెవరూ రాయలేక అందరం ఒకటే అయిపోతాం, అయినా నాకు సంతోషం కలగలేదు.

ఆఖరికి ఆయన మా గుమ్మం దగ్గరకే వచ్చారు. వేపమండ లాగెయ్యబోయారు. మామ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. మాస్టారి చెయ్యి పట్టుకోవడమంటే మాటలా! వీధంతా చూస్తోంది.

"కట్టించినోరు మీరే, ఇప్పేది మీరే," అంది మామ్మ. "ముందల ఈదికి సెప్పండి."

ఆయన మండ మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ హారను మోగింది. అప్పుడు వీధి వైపు తిరిగి, పాఠం చెప్పే గొంతుతోనే, "అమ్మోరు పొయ్యలేదు," అన్నారు. "గుంట తప్పుతాదని నేనే కట్టించాను."

నేను లోపల కిటికీ సందుకి మొహం ఆనించి చూస్తున్నాను. కొట్టు అత్తే ముందు తేరుకుంది.

"మరైతే ఆ గుంటని ఎక్కించండి," అంది. "అదెక్కితే మావోడూ ఎక్కుతాడు."

అమ్మ నన్ను బయటికి లాక్కొచ్చి, అందరి ముందూ చెంబుడు నీళ్ళతో మొహం మీది పసుపు కడిగింది. ఆడవాళ్ళు దగ్గరకొచ్చి నా చేతులూ మెడా తిప్పి తిప్పి చూశారు. పొక్కు లేదని తేలాక మాస్టారు చొక్కా జేబులోంచి నా హాల్ టికెట్ తీసి ఇచ్చారు. నేను తలైనా దువ్వుకోకుండా అందరికంటే ముందు ట్రాక్టరెక్కాను, నా వెనక శ్రీను, వాడి వెనక వీధి మొత్తం. బడిలో నేనెప్పుడూ ముందు కూర్చోలేదు, ఆ రోజు కూర్చున్నాను. ట్రాక్టరు ఏట్లోకి దిగి నీళ్ళు చిమ్ముతుంటే ఒక్కరూ అరవలేదు. మామ్మ ఆ మండలు పట్టుకుని అమ్మోరి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టిందట. మాస్టారిని క్షమించమని మొక్కిందో, ఆయన తల పగలగొట్టమని మొక్కిందో మాకు చెప్పలేదు.

నేను పాసయ్యానని రాస్తే మీకు బాగుండేది. నాకూ బాగుండేది. తప్పాను. లెక్కల్లోనే, నేనొక్కదాన్నే, ఆయన చెప్పింది చెప్పినట్టే. మిగిలినవాళ్ళంతా గట్టెక్కారు. ఫలితాలు వచ్చిన రోజు నాన్న నన్నేమీ అనలేక మామ్మ మీద విరుచుకుపడ్డాడు, నీ పంతం వల్ల బడి పరువు పోయింది, పిల్లకేమైనా ఒరిగిందా అని. మామ్మ పత్తి ఏకడం ఆపకుండా, "తప్పితే తప్పింది," అంది. "రాసి తప్పింది. దాగుండి తప్పనేదు."

బడి గోడ మీది తెల్లటి చోటు తెల్లగానే ఉండిపోయింది. ఆ మర్నాడు మాస్టారు మళ్ళీ మా ఇంటికొచ్చారు, ఈసారి మంచం మీద కూర్చోలేదు. ఇచ్చిన మాట గుర్తుందన్నారు. ఆ ఏడంతా రోజూ పొద్దున్నే బడి తెరవకముందే వరండాలో కూర్చోబెట్టి నాకు లెక్కలు చెప్పారు, వేపమండల ఊసు ఆయనా ఎత్తలేదు నేనూ ఎత్తలేదు. మరుసటి ఏడు గట్టెక్కి ఏరు దాటాను. అయితే ఈలోగా పసుపుపచ్చ వ్యాను మా వీధిలోకి కూడా రావడం మొదలెట్టింది, శ్రీను చెల్లెలు టై కట్టుకుని అందులో ఎక్కింది. నావల్లే బడి పోయిందని నాన్న చివరిదాకా అనుకున్నాడు. నేను కూడా కొన్నాళ్ళు అనుకున్నాను. ఆ ఒక్క మార్కుల కాగితం మీద బతకాల్సి వచ్చిన బడి ఎన్నాళ్ళు బతుకుతుందని అడగడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడా బడికి తాళం. తెల్లటి చోటులో ఏదో సిమెంటు ప్రకటన ఉంది. ఏటి మీద వంతెన వచ్చింది, మామ్మ పోయింది, ఆవిడతోపాటే చేప దవడా పోయింది. పిల్లలకి పొక్కులొస్తే ఇంజెక్షనుకి పోతున్నారు తప్ప గుమ్మానికి మండలు కట్టేవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు. పిల్లని పరీక్షకి రాకుండా ఆపాలంటే ఇప్పుడు అమ్మోరితో పని లేదు, ఒక ఫోను చాలు. వీధంతా చూస్తుండగా నిలబడి నేనే ఆపానని చెప్పేవాళ్ళు అంతకంటే లేరు. మాస్టారి మీద నాకు కోపం పోలేదు గానీ, ఆ చెప్పిన గొంతు మాత్రం ఎక్కడా మళ్ళీ వినలేదు.

వాచ్‌మన్ పిలిచాడు. లోపల ప్రిన్సిపాల్ కుర్రవాడే, చల్లటి గదిలో టై కట్టుకుని కూర్చున్నాడు, మర్యాదగా మంచినీళ్ళిచ్చాడు. గౌరి మంచి పిల్లేనట, ఒత్తిడి తట్టుకోలేదట, ఈసారికి ఆపి వేసవిలో సప్లిమెంటరీలో రాయిస్తే దానికే మంచిదట, కావాలంటే డాక్టరు సర్టిఫికెట్ వాళ్ళే చూసుకుంటారట. హాల్ టికెట్ ఆయన బల్ల మీదే ఉంది, గౌరి ఫొటో నాకు తలకిందులుగా కనబడుతోంది. తన తల్లి అదే మాట ఒకసారి ముందే విన్నదని దానికి తెలీదు.

ఇన్నేళ్ళుగా కొట్టుకొచ్చే బేరాల కోసం దిద్దుకున్న మాట ఎటు పోయిందో గానీ, నా నోట్లోంచి మామ్మ మాటే వచ్చింది.

"తప్పితే తప్పుతాది బాబూ. రాసి తప్పుతాది," అన్నాను, హాల్ టికెట్ కోసం చెయ్యి చాపి.