అత్తకు ముందే తెలిసిన మాట

మా మేనత్తకు మెడ పక్కన గడ్డలు లేచి, అది క్యాన్సరని తేలినాక, ఆమెను బెంగళూరు ఆసుపత్రికి తిప్పే పని నాకు పడింది. ధర్మవరంలో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను కాబట్టి డాక్టర్ల మాటలు నాకే అర్థమవుతాయని ఇంట్లోవాళ్ళ నమ్మకం.

మందులన్నీ ఎక్కించడం అయిపోయినాక ఒకరోజు డాక్టరు స్కాను చూసి నవ్వినాడు. ఆయనకు తెలుగు రాదు. నాతో ఇంగ్లీషులోనే మాట్లాడినాడు. అత్త ఆయన్ని చూడలేదు, నా ముఖమే చూస్తా కూర్చుంది. బయట వరండాలోకి రాగానే ఉన్నదున్నట్టు చెప్పినాను. ఇప్పుడు జబ్బు కనపడలేదంట, మళ్ళీ రాదని మాత్రం చెప్పలేనన్నాడు, అప్పుడప్పుడు వచ్చి చూపించుకోమన్నాడు.

"ఇదంతా నీ మాట. ఆయప్ప నోట్లోనుంచి వచ్చిన మాటేంది?"

"రెమిషన్ అన్నాడత్తా."

చెంగు సర్దుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. "ఆ మాట నాకు తెలుసులే" అని బస్టాండు దిక్కు నడిచింది.

ఆ మాట మా ఇంట్లోకి చిన్నమామ వల్ల వచ్చింది. అత్తకు మరిది. అప్పుడు నేనూ ఆయనా ఆమె ఇంట్లోనే ఉండేవాళ్ళం. చేని గట్టు దగ్గర కొట్లాటలో ఒక మనిషి పోతే ఆయన జైలుకు పోయినాడు. నడవడిక బాగుందని కొన్నేళ్ళు తగ్గించి ముందే విడిచిపెట్టినారు. రెమిషన్ వచ్చిందని వకీలు చెప్పిన రోజు ఇంట్లో అందరం మిఠాయి తిన్నాము. ఆ తర్వాత ఊళ్ళో ఎవరు ఎవరిని కొట్టినా కానిస్టేబుల్ మొదట మా గడప దగ్గరికే వచ్చేవాడు. ఆయనకు మంచినీళ్ళిచ్చి, తలుపు పక్కన నిలబడి వినేది అత్తే. విడిచిపెట్టినట్టే విడిచిపెట్టి కన్నేసి ఉంచడం, ఆమెకు రెమిషన్ అంటే అదే.

ఇంటికి వచ్చినాక అత్త ఎవరినీ నమ్మలేదు. కోడలు వేడిగా దోసె పోసి పెడితే, "ఎన్నడూ లేంది ఈ మర్యాదేందప్పా?" అనింది. కొడుకు కొత్త పరుపు తెచ్చినాడు. దాన్ని గోడకు ఆనించి చాపమీదే పడుకుంది. సోమందేపల్లె నుంచి చుట్టాలు పలకరించను వస్తే, వాళ్ళు పోయినాక నన్ను పిలిచింది.

"కడసారి చూపుకు పిలిపించినారా ఏమి?"

"దారిలో దిగినారత్తా. వాళ్ళకు ఈడేదో పనుండాది."

"నువ్వు మెల్లగా చెప్తాండావే, అందుకే నాకు అనుమానం. మంచి మాటయితే గట్టిగా చెప్పరా?"

గట్టిగా చెప్తే కోపమొచ్చి చెప్పినావంటుంది. ఏం చెయ్యాలో తోచక, పంతులుబుద్ధి పోనిచ్చుకోలేక, నిఘంటువు తీసినాను. లాటిన్‌లో వెనక్కి పంపడం, బిగువు వదలడం అని ఉంది. ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు మొదట పాపాలు మన్నించడమని అర్థమంట. తర్వాత అప్పుకూ శిక్షకూ వాడినారు, ఆ వరసలోనే జ్వరం తగ్గడానికీ వచ్చింది. ఇదంతా విడమరిచి చెప్తే సంతోషపడుతుందనుకున్నాను.

అత్త అంతా విని, "వెనక్కి పంపితే దానికి మన ఇంటి దారి తెలిసినట్టే కదరా" అనింది.

నిఘంటువు మూసి పక్కన పెట్టినాను.

తర్వాత ఒక పొద్దున, కొత్తచెరువులో ఎవరికో బాగలేదు, చూసొస్తానని బస్సెక్కి పోయింది. పోయింది ఇప్పుడు అక్కడ కాపురముండే చిన్నమామ ఇంటికని మాకు సాయంత్రం దాకా తెలీదు. ఆయన ఆమెను బండిమీద ఎక్కించుకుని అక్కడి లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాడు. ఆసుపత్రి కాగితాలు, స్కాను, అన్నీ చూపించినాడు. ఆమె తెలుగులో చెప్పింది. జబ్బు ఇప్పుడు కనపడలేదు, రేపటి సంగతి నేను చెప్పలేను, చూపించుకుంటా ఉండాల. నేను వరండాలో చెప్పిన మాటలే.

"మీరిద్దరూ ముందే మాట్లాడుకోలేదు కదా?" అని తిరిగొచ్చినాక నన్నడిగింది.

"ఆమె ఎవరో నాకెట్లా తెలుసత్తా?"

"సరేలే." కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎండలో వచ్చినా ముఖంలో అలసట లేదు. దారిలో చిన్నమామ చెప్పిన సంగతి నాకు చెప్పింది. జైలు నుంచి వచ్చిన ఏడు ఆయన చేను బీడు పెట్టినాడు. వేరుశెనగ బుడ్డలు ఏసినా పీకేలోపు మళ్ళీ పట్టుకుపోతారని ఆయన భయం. కానిస్టేబుల్ వచ్చినాడు, పోయినాడు, పట్టుకుపోయింది లేదు. ఆ ఏడే వాన పడింది. చుట్టూ అందరి చేలల్లో కాయ దిగింది, ఆయన గట్టుమీద కూర్చుని చూసినాడు.

"మా ఊరిమీద వాన పడిందే అబ్బరం, అది ఈయప్ప బీడుమీద పడింది" అని అత్త నవ్వింది. నవ్వుతానే కళ్ళు తుడుచుకుంది. "ఈ మాట ఇన్నేండ్లూ ఎవరితో అనలేదంట రా."

మరుసటి రోజు నుంచి కండెలు చుట్టడానికి కూర్చుంది. మగ్గం మీద కొడుకు నేస్తుంటే, పక్కన ఆమె రాట్నం తిప్పుతూ పట్టు దారం చుట్టేది. అనుమానం పోయిందని కాదు. నేను ఫోనులో ఎవరితో మాట్లాడినా రాట్నం ఆపి చెవి ఇటు పెడుతుంది.

పోయిన నెల బెంగళూరుకు చిన్నమామ కూడా వచ్చినాడు. డాక్టరు గదిలోకి ఇద్దరినే రానిస్తారని ఆయన బయటే ఉండిపోయినాడు. మేము బయటికి వచ్చేసరికి ఖాకీ చొక్కా వేసుకున్న సెక్యూరిటీ ఆయన్ని పాసు అడుగుతున్నాడు. చిన్నమామ లేచి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడినాడు. ఆయన జేబులో పాసు ఉంది. తియ్యాలని తోచలేదు.

అత్త గబగబా పోయి ఆయన జేబులోనుంచి పాసు తీసి సెక్యూరిటీకి చూపించింది. "కూర్చోప్పా" అని మరిదిని కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"ఏమన్నాడు వదినా?"

"ఏమీ కనపడలేదంట, ఈసారికి."

నన్ను టీ తెమ్మని పంపించినారు.