తొమ్మిదో చొక్కా

ఆ వర్క్‌షాపులో బట్టలు కుట్టేవాళ్లు పదకొండు మంది. చింపేది మాత్రం సూదమ్మ ఒక్కతే.

సినిమాలకి బట్టలు తయారుచేసే చోటు అది. పెద్ద రేకుల షెడ్డు, రెండు వరసల మిషన్లు, చివర కిటికీ పక్కన సూదమ్మ బల్ల. కొత్త చొక్కాని పదేళ్ల పాత చొక్కాగా చూపించాలంటే ఆమె దగ్గరికి రావలసిందే. ఉప్పునీళ్లలో నానబెట్టేది, ఎండలో తిరగేసి మరగేసి ఆరబెట్టేది, మోచేతుల దగ్గర ఇటుకముక్కతో రుద్దేది, కాలరుకి టీ డికాక్షన్ పట్టించేది. ఇరవయ్యారేళ్లుగా అదే పని. మొదట్లో ఆమె కూడా కుట్టేదే. చిరుగు కనబడకుండా కుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. కుట్టు ఇంత తెలిసిన మనిషికి చిరుగు ఎలా పుడుతుందో కూడా తెలిసే ఉంటుందని షెడ్డు నడిపే మాస్టారు ఆమెను ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. కుట్టే రోజుల్లో చేతిపని ఎప్పుడూ సూదితోనే కాబట్టి సూదమ్మ అన్నారు. అసలు పేరు జీతం పుస్తకంలో ఉందంటారు. ఎవరూ తిరగేసి చూడలేదు.

ఆ ఏడు వచ్చిన సినిమాలో మనుషులెవరూ లేరు, ఒక్కడు తప్ప. సరుకుల ఓడ మీద గుమాస్తా. ఓడ మునిగిపోతే ఎవరూ లేని దీవి మీదికి కొట్టుకొచ్చి నాలుగేళ్లు ఒంటరిగా బతుకుతాడు. ఒంటి మీద ఒక్కటే చొక్కా, లేత నీలం రంగుది, రెండు జేబులది. ఆ ఒక్క చొక్కానే సూదమ్మ పదమూడుగా చెయ్యాలి. ఒకటోది ఓడ ఎక్కేటప్పటిది, కడక్‌గా ఇస్త్రీ చేసింది. పదమూడోది చొక్కా అని పిలవడానికి మొహమాటపడవలసింది. కాలరు లోపల గుడ్డపట్టీ మీద అంకె వేసి, ఏ చొక్కా ఏ నెలదో ఆమె గుర్తు పెట్టుకునేది. ఈ పనిలో తప్పరాని నియమం ఒకటి ఉంది. అన్న చొక్కాకి తగిలిన గాయం తమ్ముడి చొక్కా మీద కూడా ఉండాలి. ఐదోదానికి జేబు చిరిగితే ఆరు నుంచి పదమూడు దాకా అన్నిటికీ అక్కడే, అంతే చిరగాలి. లేకపోతే తెర మీద చిరుగు వస్తూ పోతూ ఉంటుంది.

తప్పు జరిగింది తొమ్మిదోదానితో.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోతే షెడ్డు నిండా మాటలే. గుండీలూ కాజాలూ కుట్టే కాజాలక్క తన కూతురు పరీక్ష పోయి అన్నం మానేసిన సంగతి చెబుతోంది. సూదమ్మ ఊఁ కొడుతూ వింటోంది. ఒళ్లో తొమ్మిదో చొక్కా ఉంది. ఎడమ భుజం మీద జానెడు చిరుగు పెట్టింది అప్పుడే. వింటూ వింటూ ఆమె అంచు మడతలోంచి ఒక పోగు లాగింది. రంగు కలవాలంటే ఆ బట్ట పోగే వాడాలి, అది ఆమె చేతి అలవాటు. కాజాలక్క కూతురు చివరికి నాలుగు ముద్దలు తిన్నదన్న మాట వచ్చేసరికి చిరుగు మూసుకుపోయింది. పన్నెండు కుట్లు, వరసగా, చీమలబారులా. కరెంటు వచ్చింది. ఆమె చొక్కాని మడిచి దొంతరలో పెట్టేసింది. మర్నాడు పది, పదకొండు, పన్నెండు, పదమూడూ తొమ్మిదోదాన్ని చూసే చేసింది. వాటి మీదా అదే కుట్టు.

రెండు రోజులు సముద్రం ఒడ్డున తొమ్మిదో చొక్కాతో షూటింగు జరిగాక ఎవరో గమనించారు. డైరెక్టరు చెప్పింది వేలాడే చిరుగు. హీరో భుజం మీద ఉన్నది దర్జీ దుకాణం నుంచి వచ్చినట్టున్న కుట్టు. రెండు రోజుల పని నీళ్లపాలు.

మాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ మనసు మంచిది. ఆ శనివారం మాత్రం మనసు సంగతి ఎవరికీ కనబడలేదు. ఇన్నేళ్లలో ఎవరి ముందూ తలదించుకోలేదనీ, ఇవాళ నీవల్ల దించుకున్నాననీ షెడ్డంతా వినబడేలా అన్నాడు. అయిదు చొక్కాలూ సంచిలో కుక్కి ఆమె చేతికిచ్చాడు. సోమవారం తొమ్మిదింటికల్లా కుట్లన్నీ విప్పి తేవాలి. డైరెక్టరు వస్తాడు. ఆయన ముందు, నా పొరపాటు, క్షమించండి అనాలి. అలా అనకపోతే ఆ బల్ల దగ్గర ఇంకెవరైనా కూర్చుంటారు.

సూదమ్మ నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునేవారు. ఆమె సంచి తీసుకుని ఇంటికి పోయింది.

ఇంట్లో ఉండేది ఆమె అత్త ఒక్కతే. ఎనభై దాటింది. కళ్లు మందగించాయి, మాట పదును అలాగే ఉంది. ఆదివారం ఉదయం సూదమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని, బ్లేడు తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. మొదటి కుట్టు కింద బ్లేడు పెట్టింది. తీసేసింది. మళ్లీ పెట్టింది. అత్త పక్కగదిలోంచి ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విని, గోడ పట్టుకుంటూ వచ్చింది. కోడలు జరిగిందంతా చెప్పింది.

"విప్పడానికి ఇంతసేపా? నేనైతే ఈపాటికి విప్పి, ఉతికి, ఆరేసేదాన్ని," అంది అత్త.

"చెయ్యి రావడం లేదు అత్తయ్యా."

"కుట్టడానికి అడక్కుండానే వచ్చింది కదా."

సూదమ్మ నవ్వలేదు. ఆమెకు ఇదే ఇంట్లో, ఇదే గదిలో గడిపిన మూడు నెలలు గుర్తొచ్చాయి. పెళ్లయిన రెండో ఏడు భర్త జ్వరంతో పోయాడు. ఆమె తలుపు వేసుకుని కూర్చుంది. ఎవరితో మాటా లేదు, తల దువ్వుకున్నది లేదు. రోజూ తెల్లారేసరికి తలుపు బయట చెంబుతో వేడినీళ్లు ఉండేవి. పెట్టింది అత్తే. ఆవిడ పోగొట్టుకున్నదీ కొడుకునే. అయినా ఒక్కనాడూ తలుపు కొట్టలేదు, లేవమనలేదు, నీళ్లు మాత్రం మానలేదు. మూడో నెలలో ఒకరోజు కిటికీ తెర చిరిగి ఉండటం సూదమ్మ కంటబడింది. ఎన్నాళ్లనుంచి చిరిగి ఉందో తెలియదు. ఆ తెర అంచులోంచే ఒక పోగు లాగి కుట్టింది. కుట్టయ్యాక ఆకలేసింది. తలుపు తీసింది. ఆ తరవాత ఎప్పుడూ వేసుకోలేదు.

ఇదంతా ఇద్దరికీ తెలిసిందే. ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఆ ఆదివారం సూదమ్మ బ్లేడుని కాగితంలో చుట్టేస్తూ అంది:

"నాకైతే తలుపు ముందు చెంబు పెట్టడానికి మీరున్నారు. ఆ దీవిలో వాడికి ఎవరున్నారు? వాడు కుట్టుకోకపోతే నెల కూడా బతకడు అత్తయ్యా. నేను విప్పను."

అత్త గోడ వదిలి కోడలి పక్కన చతికిలబడింది.

"ఉద్యోగం పోతే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చోవాలి," అంది. "నా మొహం అంత బాగుండదు, ముందే చెబుతున్నా."

సోమవారం తొమ్మిదింటికి సూదమ్మ వచ్చి అయిదు చొక్కాలూ బల్ల మీద పరిచింది. మాస్టారు ఒక్క చూపు చూశాడు. కుట్లు కుట్ల లాగే ఉన్నాయి. డైరెక్టరు అప్పటికే షెడ్డులోకి వస్తున్నాడు. ముప్పయ్యయిదేళ్లవాడు, నాలుగు నెలల ఎండకి నల్లబడ్డవాడు, కోపంగా కన్నా అలసటగా ఉన్నాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"విప్పలేదేంటమ్మా?" అన్నాడు.

"ఒక్కమాట అడగాలి బాబూ. ఈ మనిషి నాలుగేళ్లు బతికాడా, లేదా?"

"బతికాడు."

"అయితే కుట్టుకున్నాడు."

మాస్టారు అడ్డం రాబోయాడు. డైరెక్టరు చెయ్యెత్తి ఆపాడు. చొక్కా చిరిగి వేలాడుతుంటేనే చూసేవాళ్లకి జాలి కలుగుతుందనీ, కథ రాసుకున్నప్పటినుంచీ తన కళ్ల ముందు ఆ చిరుగే ఉందనీ చెప్పాడు. ఓపిగ్గానే చెప్పాడు.

"జాలి మీకు కావాలేమో," అంది సూదమ్మ. "వాడికి అక్కర్లేదు. చూసేవాళ్లు లేని చోట ఎవడూ జాలిగా ఉండడు బాబూ. చలేస్తుంది, కుట్టుకుంటాడు. నేను పొరపాటు చేశానని చెప్పమన్నారు. చెప్పకుండా చేశాను, అందుకు క్షమించండి. కానీ కుట్టు తప్పని నా నోటితో అనను. బల్ల కావాలంటే తీసుకోండి."

కాజాలక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డైరెక్టరు తొమ్మిదో చొక్కాని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు:

"ఎనిమిదో చొక్కాలో ఉండగా బండ మీదినుంచి పడి వాడి కుడిచెయ్యి విరుగుతుంది. తొమ్మిదో చొక్కాలో ఆ చెయ్యి మెడకి వేలాడుతూ ఉంటుంది. ఇది రెండు చేతులూ ఉన్నవాళ్ల కుట్టు. అందులోనూ ముప్పయ్యేళ్లు కుట్టినవాళ్లది. గుమాస్తాకి ఎలా వచ్చింది?"

మాస్టారు ఊపిరి వదిలాడు. సూదమ్మ చొక్కా అందుకుని ఆ పన్నెండు కుట్లనీ తిప్పి తిప్పి చూసింది. అందరూ ఆమె ఒప్పుకుంటుందని చూస్తున్నారు. ఒప్పుకుంది కూడా.

"నిజమే. తప్పు నాదే. కుట్టడం కాదు, బాగా కుట్టడం." బ్లేడు తీసి పన్నెండు కుట్లూ అక్కడే విప్పేసింది. "దీవి మీద వాడికి సూదేముంటుంది?"

"ఏమీ ఉండదు. చేపలు పడతాడు."

"అయితే ముల్లుంటుంది."

కాంటీనులో వంటచేసే ఆయన గట్టి చేపముల్లొకటి ఏరి, సబ్బుతో కడిగి, తన తుండుతో తుడిచి మరీ తెచ్చి ఇచ్చాడు. సూదమ్మ గుండుసూదితో దాని లావు కొసన చిన్న రంధ్రం చేసింది. రెండు ముళ్లు విరిగాయి, ఆయన విసుక్కోకుండా మూడోది తెచ్చాడు. కొలతల టేపుతో తన కుడిచెయ్యి ఛాతీకి కట్టెయ్యమని కాజాలక్కకి చెప్పింది. కాజాలక్క కట్టింది, నొప్పి పెడుతోందా అని నాలుగుసార్లు అడిగింది. సూదమ్మ చొక్కాని మోకాళ్ల మధ్య బిగించింది. పళ్లతో అంచులోంచి పోగు లాగింది. ఎడమచేత్తో మొదలుపెట్టింది.

పోగు ఎక్కించడానికే పావుగంట పట్టింది. మొదటి కుట్టు ఊడిపోయింది. రెండోది ఎక్కడికో పోయింది. మిషన్లు మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ అనలేదు. డైరెక్టరు ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జేబులో ఫోను మోగుతూ మోగుతూ ఊరుకుంది. ముల్లు వేలికి గుచ్చుకుని బట్ట మీద ఒక నెత్తురుచుక్క పడింది. కాజాలక్క తుడవబోతే సూదమ్మ తల అడ్డంగా ఊపింది. కొంతసేపటికి ఆమె పక్కన ఏదో చప్పుడైంది. చూస్తే మంచినీళ్ల గ్లాసు. పెట్టి వెనక్కి తిరిగిపోతున్నది మాస్టారు.

పదింటికి మొదలుపెడితే ఒంటిగంట అయింది. పన్నెండు కుట్లున్న చోట అయిదున్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, బట్ట ముడతపడి భుజం మీద చిన్న బుడిపెలా లేచింది. కొస ముడి పళ్లతో బిగించి, ఆ చొక్కాని డైరెక్టరు చేతికిచ్చింది.

ఆయన బొటనవేలితో ఆ బుడిపెను తడిమాడు.

"మిగతా నాలుగింటికీ ఇలాగేనా?"

"కాదు. పదోదానికల్లా ఇది సగం ఊడిపోతుంది. మళ్లీ వేసుకుంటాడు. పదకొండుకి చెయ్యి తిరుగుతుంది. పన్నెండులో వాడి కుట్టు చూస్తే ఎవరో నేర్పినట్టుంటుంది. వాడూ నేర్చుకోవాలి కదా బాబూ, నాలుగేళ్లు ఊరికే కూర్చుంటాడా."

డైరెక్టరు చొక్కా మడిచి తన సంచిలో పెట్టుకుని, వెళ్లిపోతూ ఒక్కక్షణం ఆగి, ఆమె చేతికి టేపు ఇంకా కట్టే ఉందని గుర్తుచేశాడు.

ఉద్యోగం ఉందో పోయిందో ఎవరూ చెప్పలేదు. సూదమ్మ అడగలేదు. మంగళవారం తొమ్మిదింటికి వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది, ముల్లు తీసి పదో చొక్కా మొదలుపెట్టింది. లెమ్మని ఎవరూ అనలేదు.

సినిమా వచ్చాక అత్తాకోడళ్లు మ్యాటినీకి వెళ్లారు. అత్తకి తెర మసక మసకగా కనబడుతుంది, అందుకని ముందు వరసలో కూర్చున్నారు. సగం సినిమా అయ్యాక గుమాస్తా ఒక బండ మీద కూర్చున్నాడు, విరిగిన చెయ్యి మెడకి కట్టుకుని, చొక్కాని మోకాళ్ల మధ్య బిగించి. పళ్లతో పోగు లాగాడు. మాట లేదు, పాట లేదు, అలల చప్పుడే. ముల్లు గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకున్నాడు, మళ్లీ కుట్టాడు. వెనకెవరో ముక్కు చీదారు. కుట్టడం అయిపోయాక అతను చొక్కా తొడుక్కుని, ఏడవలేదు, ఆకాశం కేసి చూడలేదు. లేచి కట్టెలేరుకోవడానికి వెళ్లాడు.

"వీడికి ఆకలేసింది," అంది అత్త.

సూదమ్మ కళ్లు తుడుచుకుంది.

చివర్లో ఓడ వచ్చి అతన్ని ఎక్కించుకుంది. ఎవరో మంచి మనసుతో కొత్త చొక్కా ఇచ్చి, పాతదాన్ని సముద్రంలోకి విసిరేశారు. అత్త కుర్చీలోంచి సగం లేచింది.

"అయ్యో, పారేశారే," అంది చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూసేటంత గట్టిగా.

"పారేసింది వేరే గుడ్డ అత్తయ్యా. పదమూడోది మన ఇంట్లో ఉంది, నా పెట్టెలో. మాస్టారిని అడిగే తెచ్చాను."

"ఏమన్నాడు?"

"నేను చూళ్లేదు అని అటు తిరిగి నిలబడ్డారు."

అత్త మళ్లీ కూర్చుంది. కాసేపు తెర కేసే చూసి, కోడలి వైపు వంగింది.

"ఇంటికెళ్లగానే తీసి ఇవ్వు. నాకు ఒంటిమీదికి పనికొస్తుందేమో చూస్తా. కుట్టు గట్టిదే కదా?"

"గట్టిదే," అంది సూదమ్మ.